వెనుకటి కొలువువారి పిలుపులు



ఈ మాసమున మన పత్రికకు వచ్చిన జాబులలో మూడింటిని ప్రక్కప్రక్కన బెట్టి చదివితిని. ఒకటి సూర్యాపేటనుండి, ఒకటి కోదాడనుండి, మరియొకటి మిర్యాలగూడనుండి వచ్చినవి. వ్రాసిన వారు ఒకరినొకరు ఎరుగరు. అయినను మువ్వురును అడిగిన ప్రశ్న ఒక్కటే. వెనుకటి యుద్యోగములో మనకు గిట్టని వారు నేడు ఫోనులో పరిచయము కోరుచు పిలుపు పంపినచో మనమేమి చేయవలెను?

పేర్లను, బడుల పేర్లను విడిచి, వారి సంగతులను క్లుప్తముగా చెప్పెదను.

సూర్యాపేట సోదరి యొక ప్రయివేటు హైస్కూలులో ఆరేండ్లు ఉపాధ్యాయినిగా నుండిరి. స్టాఫు రూములో ఆమె యన్న మాటలను తోటి ఉపాధ్యాయిని యొకతె కరస్పాండెంటు చెవిని వేయుచుండెడిదట. ఆ సంవత్సరము అందరికిని జీతము పెరిగినది, ఈమెకు పెరుగలేదు. మరుసటి యేడు బడి మారిరి. నాలుగేండ్లు గడచిన తరువాత, మొన్న లింక్డిన్‌లో ఆ తోటి ఉపాధ్యాయిని ఫొటోతో సహా రిక్వెస్టు వచ్చినది. వారము తిరుగకముందే దానిని గుర్తు చేయుచు ఒక ఈమెయిలు కూడ వచ్చినది. “రాత్రి పిల్లలు నిద్రపోయిన తరువాత ఆ ఫొటోనే చూచుచున్నాను. ఒప్పుకొనుటకు మనసు రాదు. త్రోసివేయుటకు చేయి రాదు. ఆమె మా ఆడపడుచు అత్తవారికి చుట్టము. వచ్చే నెల పెండ్లిలో ఎదురుపడక తప్పదు” అని వ్రాసిరి.

కోదాడ సోదరి ఇంజనీరింగు కళాశాలలో పాఠములు చెప్పుచుండి, కాన్పునకు ముందు ఆ కొలువు మానుకొనిరి. బిడ్డకు మూడేండ్లు నిండినవి. మరల ఉద్యోగము చూచుకొనవలెనని యున్నది. ఆనాడు ఆమె శాఖకు హెచ్‌ఓడీగా నున్న ఆయన నలుగురిలో “మీకిది తెలియదులెండి” యని ఆమెను తేలిక చేసెడివాడట. ఇప్పుడాయన హైదరాబాదులో పెద్ద కంపెనీలో నున్నాడు. రిక్వెస్టు ఆయననుండియే వచ్చినది. “ఎప్పటికైన పనికివచ్చును, ఒప్పుకొనుము” అని ఈమె భర్త సలహా. “ఆయన చెప్పునదియు నిజమే, నా మనసు చెప్పునదియు నిజమే” యని సోదరి వ్రాయుచున్నారు.

మిర్యాలగూడ సోదరి ఒక బియ్యపు మిల్లు ఆఫీసులో లెక్కలు వ్రాసెడివారు. అచ్చటి తోటి గుమాస్తా యొకడు ప్రొద్దుపోయిన తరువాత పనిలేని సందేశములు పంపుచుండుట చేత కొలువే విడిచిరి. ఇది జరిగి ఏడాది దాటినది. ఇప్పుడు ఫేస్‌బుక్కులో వాడు రిక్వెస్టు పంపినాడు. త్రోసివేసిరి. మరల వేరొక పేరుతో వచ్చినది. “ఇంటిలో చెప్పినచో ఫోనే లాగుకొందురేమోయని భయముగా నున్నది” అని జాబు ముగించిరి.

ఈ మూడు పట్టణముల తీరు ఎరిగినవారికి ఈ చిక్కు యొక్క బరువు తెలియును. మహానగరములో ఒక కొలువు మానిన యామె వెనుకటివారి మొగము మరల చూడకయే కాలము గడపవచ్చును. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదునుండి విజయవాడకు పోవు ఒకే రహదారిమీది యూళ్లు; ఒక బడిలో మానిన పంతులమ్మ పోయి చేరునది తనను ఎరిగినవారున్న మరియొక బడిలోనే. సాగరు ఎడమకాలువ నీటితో పండిన ధాన్యము వచ్చి చేరు మిర్యాలగూడ మిల్లులలో లెక్కలు వ్రాయువారందరును ఒకరికొకరు తెలిసినవారే. చీరల దుకాణములోనో, దవాఖానలోనో, పెండ్లి పందిటిలోనో కలిసికొనక తప్పదు. కావున ఇచ్చట ఫోనులో చేసిన పని ఫోనులోనే యుండిపోదు. “ఫోనే కదా, తోచినట్లు చేయుము” అనువారు ఈ సంగతి నెరుగరు.

ముందుగా ఆ పిలుపు అనగా నేమో తెలిసికొందము. లింక్డిన్ అనునది ఉద్యోగస్థుల పరిచయములకై 2003వ సంవత్సరమున అమెరికాలో మొదలైనది. 2016లో దానిని మైక్రోసాఫ్టు సంస్థ కొన్నది. ఫేస్‌బుక్కు 2004లో పుట్టినది. రెండింటిలోను పద్ధతి యొక్కటే. ఒకరు తలుపు తట్టుదురు. రెండవవారు తీయవచ్చును, తీయకపోవచ్చును. తీయకపోయినచో “ఫలానావారు మిమ్ము నిరాకరించినారు” అను వార్త తట్టినవారికి పోదు. సంతలో నిలబెట్టి కాదన్నట్లు కాదు. తలుపు తెరువబడలేదు, అంతే.

తీసినచో నేమి జరుగునో కూడ తెలియవలెను. లింక్డిన్‌లో మనము ఏర్పాటు మార్చుకొననియెడల, చేర్చుకొన్నవారికి మన ఈమెయిలు చిరునామా కనబడును. మన పరిచయస్థుల పట్టికయు కనబడును. మనము వ్రాసిన సంగతులు వారి యెదుటికి పోవును, వారు వ్రాసినవి మన యెదుటికి వచ్చును. స్నేహమనునది దీనిలో లేదు. ఇంటి వసారా వరకు రానిచ్చుటవంటిది. వసారాలో కూర్చున్నవారందరును వంటయింటిలోనికి రారు గదా!

మరియొక సంగతి సూర్యాపేట సోదరి ముఖ్యముగా గ్రహింపవలెను. ఆ పిలుపు, ఆ పిలుపును గుర్తుచేసిన ఈమెయిలు, ఈ రెండును ఆ పూర్వపు ఉపాధ్యాయిని తలచి తలచి పంపినవని యనుకొనరాదు. ఈ వేదికలు మన ఫోనులోని నంబర్లను, ఈమెయిలు చిరునామాలను చూచుటకు అనుమతి యడుగును. ఒకసారి “సరే” యని నొక్కినచో, “వీరిని మీరెరుగుదురేమో” యని వరుసగా పేర్లు చూపును. ఏదో పనిలో నుండి నాలుగు మీటలు నొక్కినవారి పేరిట నలువదిమందికి పిలుపులు పోవుట కద్దు. జ్ఞాపకపు ఈమెయిళ్లను గూర్చి అమెరికాలో పెద్ద వ్యాజ్యమే నడచినది. తాము కోరకుండగనే తమ పేరిట మరల మరల జ్ఞాపికలు పంపినారని కొందరు సభ్యులు 2013లో లింక్డిన్‌పై దావా వేసిరి. తప్పు నొప్పుకొనకయే ఆ సంస్థ 2015లో 1 కోటి 30 లక్షల డాలర్లతో రాజీపడినది. కనుక “వారములో రెండుసార్లు అడిగినదే, ఏమి కోరియో!” యని రాత్రులు ఆలోచించుట వ్యర్థము. అడిగినది ఆమె కావచ్చును, యంత్రము కావచ్చును.

అట్లే ఆ పిలుపు నిజముగా ఆమెదేనా యని కూడ చూడవలెను. ఒకరి ఫొటోను, పేరును దొంగిలించి ఖాతా తెరచి, పరిచయస్థులను చేర్చుకొని, తరువాత “అత్యవసరము, డబ్బు పంపుము” అని యడుగు మోసగాండ్రు నేడు ఊరూర నున్నారు. అనుమానము తోచినచో తెలిసినవారికొకరికి ఫోను చేసి కనుగొనుట మంచిది. ఒకవేళ డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. మనలను బాధించునది పిలుపు కాదు, మొగమోటము. మన వీధిలో పేరంటమునకు ఒకామె కుంకుమభరిణతో వచ్చి, బొట్టు పెట్టి పిలిచినచో కాదనరాదని మన పెద్దలు నేర్పిరి. వచ్చినామె మనకు గిట్టనిదైనను, పోయి, తాంబూలము పుచ్చుకొని వత్తుము. అది మర్యాద. కాని ఆ మర్యాదకొక కారణమున్నది. ఆమె తన పని మానుకొని, నడచి మన గడపకు వచ్చినది. మన మొగము చూచి అడిగినది. ఫోనులోని పిలుపునకు నడకయు లేదు, భరిణయు లేదు, మొగమును లేదు. మొగమే లేనిచోట మొగమోటమెందులకు? బొట్టు పెట్టిన పిలుపునకు ఈయవలసిన గౌరవమును మీట నొక్కిన పిలుపునకు ఇచ్చుట చేతనే మన సోదరీమణులు ఇంత నలిగిపోవుచున్నారు.

అయితే గిట్టనివారినందరను త్రోసివేయుడని నేను చెప్పుట లేదు. గిట్టకపోవుట యందు తరగతులు కలవు. మాట కరకుగా నుండుట, స్వభావములు కలియకపోవుట మొదటిది. మనకు తెలిసి తెలిసి నష్టము చేయుట రెండవది. మనకు భయము కలిగించుట మూడవది. ఈ మూడింటిని ఒకే గంపలో వేసినచో తీర్పు తప్పును. ఆ మనిషిని తలచుకొన్నప్పుడు మనకు కలుగునది విసుగా, గాయమా, భయమా యని ఎవరికి వారు నిజాయితీగా అడిగి చూచుకొనవలెను. విసుగు మాత్రమే యైనచో వసారాలోనికి రానిచ్చుట వలన చెడుగు లేదు. బతుకమ్మ ఆడునప్పుడు మన ప్రక్కన చప్పట్లు కొట్టుచు తిరుగునామె మనకు ప్రాణస్నేహితురాలు కానక్కరలేదు గదా! గాయమైనచో తలుపు తీయనక్కర లేదు. తీయనందుకు నొచ్చుకొననక్కర లేదు. భయమైనచో తలుపు వేసికొనుటతో సరిపోదు; ఇంకను చేయవలసినది యున్నది.

కోదాడ సోదరి భర్త చెప్పిన “పనికివచ్చును” అను మాటను తేలికగా త్రోసివేయరాదు. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. పరిచయస్థుల ద్వారా క్రొత్త యుద్యోగములు పొందినవారిని, ఆ పరిచయస్థుని మీరెంత తరచుగా చూచెడివారని ఆయన యడిగెను. తరచుగా చూచెడివారమని చెప్పినవారు నూటికి 16.7, అప్పుడప్పుడని చెప్పినవారు 55.6, అరుదుగా నని చెప్పినవారు 27.8. కారణము సుళువుగనే తెలియును. మన యక్కచెల్లెండ్రకును ఆప్తమిత్రులకును తెలిసిన సంగతులే మనకును తెలిసియుండును. దూరపు పరిచయస్థులకు వేరు లోకపు సంగతులు తెలియును. ఐదేండ్లపాటు లింక్డిన్‌లో రెండు కోట్లమంది సభ్యులపై జరిపిన ప్రయోగములను 2022లో ‘సైన్స్’ పత్రిక ప్రకటించినది. ఉద్యోగము మారుటకు దగ్గరివారికంటె కొంత దూరపు పరిచయస్థులే ఎక్కువ తోడ్పడుదురని వానివలన తేలినది. బొత్తిగా పరిచయము పలుచనైన వారివలన అంత మేలు లేదనియు తేలినది.

దీనినుండి కోదాడ సోదరి తీసికొనవలసిన పాఠమేమి? దూరపు పరిచయములు పలువురితో నుండుట మేలు. ఈ యొక్క మనిషితో నుండి తీరవలెనని కాదు. ఆమెతో చదివినవారు, ఆమె పాఠము చెప్పగా నేడు ఉద్యోగములలో నున్న విద్యార్థులు, కళాశాలలో ఇతర శాఖలవారు, వీరందరును అట్టి పరిచయస్థులే. వారిలో పదిమందికి ఆమెయే ముందుగా పిలుపు పంపినచో, ఆ హెచ్‌ఓడీ పిలుపునందలి ఆకర్షణ చాల తగ్గిపోవును. అప్పుడు తన్ను తాను ఈ ప్రశ్న వేసికొనవచ్చును: “ఆయన అందరితోను అట్లే కరకుగా మాటలాడెడివాడా, నన్నే ఏరి తేలిక చేసెడివాడా?” అందరితోను అట్లే యైనచో అది ఆయన స్వభావము, చేర్చుకొనవచ్చును. తన్నే ఏరి యైనచో, రేపు సిఫారసు అడుగవలసి వచ్చినప్పుడు నోరు పెగలునా యని చూచుకొనవలెను. ఎన్నడును అడుగలేని మనిషిని అక్కరకు వచ్చునని చేర్చుకొనుట, వండుకొనని కూర కొని దాచుటవంటిది. భర్తగారికి ఒక మనవి. మేలు కోరియే చెప్పినారు; కాని ఆ నలుగురిలో నిలబడి ఆ మాట పడినది మీరు కారు. తీర్పు ఆమెకు వదలుడు.

సూర్యాపేట సోదరి సంగతిలో జీతము పోయినది, నమ్మకము పోయినది. ఆమె ఒప్పుకొననక్కర లేదని నా యభిప్రాయము. కాని అంతకన్న ముఖ్యమైనది, ఏదో యొకటి చేసి ముగించుట. నాన్చుటలోనే బాధ యంతయు నున్నది. ఒప్పుకొనియు లేము, కాదనియు లేము. ఆ ఫొటో రోజును మన యింటిలోనే కూర్చున్నది. నాలుగేండ్ల క్రిందట ఒక యింక్రిమెంటు తీసికొన్న యామెకు ఇప్పుడు రాత్రుల నిద్రకూడ ఈయవలెనా? మూడు దినములు గడువు పెట్టుకొని, మూడవనాడు “ఇగ్నోరు” అను మీట నొక్కి, మరల ఆ పుట తెరువకుండుట మంచిది. దానిని బంధువులతో చెప్పుకొనుటయు, వెనుకటి సంగతులు త్రవ్వుటయు వలదు. ఆమె చేసిన పనియే మాటలు మోయుట. మనము ఆ పనికి దిగరాదు.

పెండ్లిలో ఎదురుపడి ఆమె అడిగినచో? “నేను చూడలేదండీ” యని యబద్ధమాడవలదు; అబద్ధమునకు మరల కాపలా కాయవలెను. దానికి బదులు ముందే యొక నియమము పెట్టుకొనుట సుఖము. ఉదాహరణకు, “ఇప్పుడు కలిసి పనిచేయువారినే చేర్చుకొందును” అనునది. ఆ నియమమును అందరిపట్లను పాటించినయెడల ఇట్లు చెప్పవచ్చును: “మేడమ్, అందులో ఇప్పుడు కలిసి పనిచేసేవాళ్లనే పెట్టుకుంటున్న. ఇంట్లో అందరు మంచిగున్నరా?” మాటలో అబద్ధము లేదు, కరకుదనము లేదు, రెండవ వాక్యముతో సంభాషణ వేరుదారి పట్టును. పందిటిలో నమస్కారమునకు నమస్కారము, పలకరింపునకు పలకరింపు ఈయవలసినదే. ఫోనులో తలుపు తీయకపోవుటకును, మనిషికి మర్యాద చేయకపోవుటకును చాల భేదమున్నది.

ఇక మిర్యాలగూడ సోదరి. అమ్మా, మీది గిట్టుట గిట్టకపోవుటల సంగతి కాదు. మీరు చేసిన తప్పేమియు లేదు. పని చేయుచోట స్త్రీలను లైంగికముగా వేధించుటను నివారించు చట్టము 2013లో వచ్చినది. పదిమంది, అంతకు మించి పనివారున్నచోట యజమాని అంతర్గత కమిటీ వేయవలెను. అంతకు తక్కువమంది యున్నచోట, లేక ఫిర్యాదు యజమానిమీదనే యైనచోట, జిల్లా స్థానిక కమిటీకి వ్రాసికొనవచ్చును. మిర్యాలగూడ వారికి అది నల్లగొండ జిల్లాది. సూర్యాపేట, కోదాడలు 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో నున్నవి గావున వారికి ఆ జిల్లాది. సంగతి జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు చేయవలెను; తగిన కారణమున్నచో కమిటీ మరి మూడు నెలలు గడువు పెంచవచ్చును. మీరు కొలువు విడిచి ఏడాది దాటినది గావున నాటి సంగతులకు ఆ దారి మూసికొనిపోయినదనియే తోచుచున్నది. ఇది చదువు ఇతర సోదరీమణులు మాత్రము ఆ గడువును గుర్తుంచుకొందురుగాక.

నేడు వాడు చేయుచున్న దానికి వేరు చట్టము కలదు. 2024 జులై 1వ తేదీనుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను ప్రకారము, స్త్రీ తనకిష్టము లేదని స్పష్టముగా తెలిపిన తరువాతను పురుషుడు ఆమెను వెంబడించి మరల మరల పలకరించుట, ఆమె ఇంటర్నెట్టు వాడుకను కనిపెట్టుచుండుట నేరములు. మొదటిసారి నేరము రుజువైనచో మూడేండ్ల వరకు, మరల చేసినచో ఐదేండ్ల వరకు జైలుశిక్షయు, జుల్మానాయు విధింపవచ్చును. “స్పష్టముగా తెలిపిన తరువాత” అను మాటను గమనింపుడు. ఇంతవరకు చెప్పియుండనిచో, “నాకు మీతో ఏ విధమైన సంబంధమును ఇష్టము లేదు. ఇకమీదట నాకేమియు పంపవలదు” అని ఒక్కసారి, ఒక్క వాక్యములో వ్రాసి, ఆపైన బదులీయకుండుట మంచిది. బ్లాకు చేయుటకు ముందు రిక్వెస్టులను, సందేశములను, వాడు తెరచిన రెండవ పేరును తేదీలతో కనబడునట్లు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకొనుడు. బ్లాకు చేసిన తరువాత అవి దొరకకపోవచ్చును. తెలంగాణములో షీ టీములను 2014 అక్టోబరు 24వ తేదీన హైదరాబాదులో మొదలుపెట్టిరి. అవి తరువాత జిల్లాలకును వచ్చినవి. మహిళలకు సాయము చేయు 181 నంబరు, అత్యవసరమునకు 112 నంబరు కలవు.

ఈ సందర్భమున ఇంటి పెద్దలకు కూడ రెండు మాటలు చెప్పవలసియున్నది. ఈ పత్రికను చదువు అత్తగారలు, అమ్మలు పెక్కుమంది కలరు. కోడలో, కూతురో ఇట్టి సంగతి చెప్పుకొనుటకు వచ్చినప్పుడు “నీవేమి చేసినావో!” అను మాట మొదట రానీయవద్దు. ఫోను లాగుకొన్నంత మాత్రమున ఆ మనుష్యుడు మారడు. ఆమె మరల చెప్పుట మాత్రము మానివేయును. దొంగ తలుపు తట్టినచో తట్టినవానిని పట్టుకొందురు గాని, తలుపు పీకివేయుదురా? చెప్పిన బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆ సందేశములను కలిసి చూచి, పోలీసువారి యొద్దకు పోవలసివచ్చినచో తోడు వెళ్లుడు. ఆమెకు కావలసిన ధైర్యములో సగము ఇంటిలోనే దొరకవలెను.

ఇంతవరకు వచ్చిన పిలుపులను గూర్చి చెప్పితిని. మనము పంపిన పిలుపుల మాటేమి? ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. చాల యేండ్ల క్రిందట ఒక ఆఫీసులో నా క్రింద ఒక అమ్మాయి పనిచేసెడిది. పని ఆలస్యమైన ఒకనాడు అందరి యెదుట ఆమెను కఠినముగా మందలించితిని. ఆలస్యమునకు కారణము ఆమె కాదని మరునాడు తెలిసినది. తెలిసియు ఆ మాట ఆమెతో ననలేదు. పెద్దదానను గదాయని యూరకుంటిని. తరువాత ఆమె వెళ్లిపోయినది. రెండేండ్ల క్రిందట లింక్డిన్‌లో ఆమె పేరు చూచి సంతోషముతో రిక్వెస్టు పంపితిని. నేటికిని బదులు లేదు. మొదట నొచ్చుకొంటిని, “ఎంత గర్వము!” అనియు ననుకొంటిని. పిమ్మట ఆ దినము జ్ఞాపకమునకు వచ్చినది. నాకు గిట్టనివారి పట్టిక నా యొద్ద నున్నట్లే, నా పేరున్న పట్టిక ఆమె యొద్ద నున్నది. ఆ అమ్మాయికి నేను బాకీ పడినది రిక్వెస్టు కాదు, క్షమాపణ. ఆ రిక్వెస్టును వెనుకకు తీసికొని, నా తప్పును ఒప్పుకొనుచు నాలుగు వాక్యముల జాబు వ్రాసి, బదులీయనక్కర లేదని కూడ చేర్చి, ఈమెయిలులో పంపితిని. బదులు రాలేదు. రావలెనని కూడ లేదు.

కావున వెనుకటి సహోద్యోగులకు పిలుపు పంపువారు, తాము వారియెడల తప్పు చేసియున్నచో, ముందుగా ఆ మాట చెప్పవలెను. సూర్యాపేటలోని ఆ పూర్వపు ఉపాధ్యాయిని ఫొటోతో కూడిన రిక్వెస్టుకు బదులు “ఆనాడు నేను చేసినది తప్పు” అని ఒక్క వాక్యము వ్రాసి యుండినచో, మన సోదరి మూడు దినములు కాదు, మూడు నిమిషములలో తీర్పు చెప్పియుండెడిది. అట్టి వాక్యము వచ్చినప్పుడు మాత్రము పాత లెక్కలను మరల తీసి చూచుట ధర్మము. క్షమించుటయు, తలుపు తీయుటయు ఒకటి కావు; క్షమించియు తీయకుండవచ్చును.

తుదకు కొన్ని చిన్న జాగ్రత్తలు. మొగమోటముచే ఇదివరకే చేర్చుకొన్నవారిని తొలగింపవచ్చును. ఆ వార్త వారికి పోదు. తొలగించుట యిష్టము లేనిచో, వారు వ్రాయునవి మనకు కనబడకుండ “అన్‌ఫాలో” చేయవచ్చును. లింక్డిన్‌లో ఒకరి పుటను మనము చూచినచో, మన ఏర్పాటునుబట్టి వారికి మన పేరు తెలియును. గిట్టనివారి పుటను రాత్రిపూట తెరచి చూచువారు ఇది మరువరాదు. వాట్సాపులో మనలను గుంపులలో ఎవరు చేర్చవచ్చునో మనమే నిర్ణయించుకొను ఏర్పాటు 2019లో వచ్చినది. గుంపునుండి వెళ్లిపోవునప్పుడు నిర్వాహకులకు మాత్రమే తెలియునట్లు 2022లో మార్చిరి. పాత బడి స్టాఫు గుంపులో ఇష్టము లేక కూర్చున్నవారు నెమ్మదిగా లేచి రావచ్చును.

సూర్యాపేట సోదరి పెండ్లినుండి వచ్చిన తరువాత ఏమి జరిగినదో నాకు వ్రాయవలెనని కోరుచున్నాను. మిర్యాలగూడ సోదరి మాత్రము అంతవరకు ఆగక, ఈ పుటను తన తల్లికో, అత్తగారికో చదివి వినిపించి, ఈ వారములోనే సంగతి చెప్పవలెను.